కన్నీటికథలో చోటులేని బిడ్డ

నేను కోరుకొండలో బడిపంతులును. మొన్న మా పాత విద్యార్థి ఒకడు కథ రాసి తెచ్చాడు. ఆరేళ్ల పిల్లవాడు, ఆటిజం, మాటలు రావు, మెదడులో కణితి అని తేలుతుంది, ఆఖరి పుటలో చనిపోతాడు. చదివి కళ్లు తుడుచుకున్నాను. తుడుచుకున్నాకే అనుమానం వచ్చింది.

ఈ కన్నీరు మనకు కొత్తది కాదు. ‘ప్రేమాభిషేకం’ (1981) నాయకుడికి కేన్సరు వచ్చింది త్యాగం చేయడానికి. ‘మాతృదేవోభవ’ (1993) తల్లికి వచ్చింది బిడ్డలను తలా ఒకరికి అప్పగించడానికి. మన కథల్లో రోగం శరీరానికి రాదు, ఇతివృత్తానికి వస్తుంది. ఇక మన రాజమండ్రి పరిసరాల్లోనే తీసిన ‘స్వాతిముత్యం’ (1986)లో శివయ్య ఎదగని మనసును పవిత్రతగా చూపించారు. కమలహాసన్ నటన గొప్పది, కాదనను. కాని పవిత్రుణ్ణి నొప్పి ఎక్కడని ఎవరడుగుతారు?

మావాడి కథలో లోపం ఇక్కడే ఉంది. పసివాళ్ల మెదడు కణితికి తెల్లవారి వాంతులు, తలనొప్పి, నడకలో తూలు ముఖ్యమైన గుర్తులు. మాట వచ్చిన బిడ్డ ‘అమ్మా, తలనొప్పి’ అంటాడు. ఈ బిడ్డ తల గోడకు కొట్టుకుంటాడు. అయినవాళ్లూ, ఒక్కొక్కప్పుడు వైద్యులూ కూడా ‘వాడి తీరే అంత’ అంటారు. ఆ ఒక్క మాటలో నెలలు గడిచిపోతాయి. ఎమ్మారై తీయాలంటే కదలకుండా పడుకోవాలి. ఈ బిడ్డ పడుకోడు, మత్తు ఇవ్వాలి, మత్తు డాక్టరు ఉన్నచోటికే వెళ్లాలి. అంటే కోరుకొండ నుంచి రాజమండ్రి, అక్కడినుంచి కాకినాడో విశాఖపట్నమో. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ, పేరు ఎన్నిసార్లు మారినా, ఎందరికో ఆపరేషను ఖర్చు మోసింది. తండ్రి పోగొట్టుకున్న కూలిదినాలనూ, బస్సులో బిడ్డ అరిస్తే వెనక్కి తిరిగి చూసే మొహాలనూ ఏ కార్డు మోస్తుంది? ఇవేవీ కథలో లేవు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని పేరుపెట్టి గుర్తించింది. మన కథకుడింకా గుర్తించలేదు.

తల్లి కొండమీది నరసింహస్వామికి మొక్కుకునే ఘట్టాన్ని మావాడు వెక్కిరింతగా రాశాడు. అదే అభ్యుదయమనుకున్నాడు కాబోలు. స్కానింగుకు తేదీ దొరకని తల్లి మెట్లెక్కితే వెక్కిరించవలసింది ఆవిడను కాదు.

ఇదంతా చెప్పాను. తలవంచుకుని విన్నాడు. ఆ పిల్లవాడు వాళ్లక్క కొడుకట. ఆపరేషను అయిందట. నడక ఇంకా తూలుతోందట. బతికే ఉన్నాడు.

“మరి కథలో ఎందుకు చంపావురా?” అన్నాను.

“చావకపోతే కథ ఎలా ముగించాలో తెలియలేదండీ, మేష్టారూ.”

కాగితాలు తిరిగి వాడి చేతికే ఇచ్చాను.