పసుపు రాళ్ల రేవులు

వేపచెట్టు మొదట పసుపు పూసిన రాయి కనబడినచో అక్కడ అమ్మవారు వెలసియున్నదని యెంచి చెప్పులు విడిచి నిలుచుట గోదావరి మండలమున పుట్టిన నాకు పసితనము నాటి అలవాటు. అందుచేత కరీబియన్ సముద్రములోని బొనేర్ ద్వీపమున తీరపుదారి పొడుగునను, దూరమునకు గూడ కనబడునట్లు పసుపురంగు పూసి నిలిపిన రాళ్లను మొదటిసారి చూచినప్పుడు నా చేతులు తమంతట తామే దగ్గరకు రాబోయి, ట్రక్కు నడుపుచున్న మా బావమరిది నవ్వు విని మధ్యలోనే ఆగిపోయినవి. ఆ రాళ్ల మీద వ్రాసినవి దేవతల పేర్లు కావు, రేవుల పేర్లు. రాయి కనబడిన చోట బండి నాపి, వీపున గాలి సిలిండరు కట్టుకొని, కాలినడకను సముద్రములోనికి దిగినయెడల నూరు బారల లోపుననే పగడపు దిబ్బ యెదురగును. పడవ అక్కరలేదు, పడవవాని గడియారమునకు లోబడి నిద్ర లేవనక్కరలేదు. ఇట్టి రేవులు ఆ చిన్న ద్వీపమున 50కి పైగా కలవు. వారము దినముల సెలవున పోయినవాడు వీనిలో దేనిని ఎన్నుకొనవలెను?

రేవు అను మాట మన భాషలో ఎంత పొందికయైనదో ఆ ద్వీపమునకు పోవువరకు నాకు తట్టలేదు. డైవింగు చేయువారందరును ‘సైటు’ అందురు. వారి మనసులో ఉన్నది నీటి అడుగు. మనము రేవు అన్నప్పుడు తలచునది నీటి అంచు. చాకిరేవైనను, పడవల రేవైనను, స్నానాల రేవైనను, మనిషి నేల విడిచి నీట దిగుటకును, మరల నేల యెక్కుటకును అనువైన చోటే రేవు. ఒడ్డునుండి మునుగువానికి ముఖ్యమైనది ఈ యంచేనని నా నమ్మకము. అడుగున ఉన్న సౌందర్యమును అందరును వర్ణింతురు. అంచున ఉన్న జారుడు రాతిని గూర్చి చెప్పువాడు అరుదు.

వెనెజువేలా తీరమునకు ఉత్తరముగా సుమారు 80 కిలోమీటర్ల దూరముననున్న ఈ ద్వీపము డచ్చివారి పాలనలోనిది. అచ్చట వాన తక్కువ, నది యన్నది లేదు. కావున ఒండ్రు సముద్రములో కలియదు. సంవత్సరములో అధికభాగము గాలి తూర్పునుండి వీచుటచేత, తూర్పుతీరమున అలలు భయంకరముగ విరుగుచున్నను, గాలిమాటుననున్న పడమటి తీరము ఊరిచెరువువలె నిలుకడగ నుండును. పగడము పెరుగుటకు వెలుతురు కావలెను, వెలుతురు దిగుటకు తేటనీరు కావలెను. మన గోదావరీ కృష్ణలు ఏటేట తెచ్చి బంగాళాఖాతమున పోయు ఒండ్రు మన డెల్టాకు అన్నము పెట్టినది గాని, ఆ తీరమున పగడపు దిబ్బకు చోటు మిగుల్చలేదు. యాభై యేండ్లు నిండిన పిమ్మట ఋషికొండ వద్ద నేను ఈ విద్య నేర్వబోయినప్పుడు, చాచిన నా చేతివేళ్లు నాకే మసకగ కనబడిన దినములు కలవు. బొనేర్ లోనైతే మొదటి ఉదయముననే, ఎంతో ముందు పోవుచున్న బావమరిది నోటి గొట్టమునుండి లేచు బుడగలను లెక్కింపగలిగితిని.

నీరు తేటగా నుండుట ప్రకృతి చలువ. అందులో చేప మిగిలియుండుట మనుష్యుల చలువ. 1962లో డాన్ స్టువర్ట్ అను అమెరికా దేశస్థుడు తెరచాప ఓడలో ఇచ్చటికి వచ్చి, ‘కెప్టెన్ డాన్’ అను పేరుతో 2014లో కన్నుమూయువరకు ఈ ద్వీపమునకే అంకితమయ్యెను. ఒకనాడు బల్లెముతో చేపలను వేటాడిన ఆ చేయియే పిదప వేటగాండ్ర బల్లెములను క్రింద పెట్టింపజూచినది. 1971లో బల్లెపు వేట నిషిద్ధమాయెను; 1979లో ద్వీపము చుట్టునున్న సముద్రము 60 మీటర్ల లోతువరకు రక్షితవనమాయెను. పడవల లంగరులు పగడమును చీల్చకుండ, అడుగున కాంక్రీటు దిమ్మలు దించి వానికి త్రాళ్లతో బోయాలు కట్టిరి. చేతితొడుగులు వేసికొనరాదను నియమము గూడ నొకటి కలదు. అది నాకు మిక్కిలి నచ్చినది. ఒట్టిచేతులవాడు దేనిని పట్టుకొనవలెనన్నను ఒకసారి ఆలోచించును గదా.

హ్యూస్టనులో కొలువు చేయు మా బావమరిది ప్రతి పనికిని పట్టిక వ్రాసికొను స్వభావము గలవాడు. ఏడు దినములకు ఇరువదిరెండు రేవులు, ఏ దినమున ఏవి, ఎన్ని సిలిండర్లు, అన్నియు వ్రాసికొని వచ్చెను. మూడు రేవులు చాలునని నేననగా అతడు నివ్వెరపోయి, “ఇంత డబ్బు పోసుకుని వచ్చి, చూసిన చోటే మళ్లీ చూస్తామా బావగారూ?” అనెను. నేను బదులు చెప్పలేదు. బావమరిదితో వాదము భార్యతో వాదమునకు తోబుట్టువు.

నా పద్ధతి వేరు. బండి ఆగిన తరువాత సిలిండరు ముట్టుకొనక, ట్రక్కు వెనుక తలుపు దించి దానిపై పది నిమిషములు కూర్చుందును. అలలు గుంపులుగ వచ్చును. మూడు నాలుగు పెద్దవి విరిగిన వెనుక సముద్రము కొంతసేపు చల్లబడును. ఆ యెడము ఎంతసేపో రెండు మూడు మారులు లెక్కింతును, ఏలననగా దిగవలసినది ఆ యెడములోనే. బోయా త్రాడు ఏ వైపునకు వాలియున్నదో చూచినచో ప్రవాహపు పోకడ తెలియును. పోవునప్పుడు దానికి ఎదురీది, వచ్చునప్పుడు దానితో కలిసి రావలెను. నీరు తెల్లగా కనబడుచోట ఇసుక. నల్లని మచ్చ రాయి కావచ్చును, ముండ్లబంతివలె నుండు సముద్రపు జంతువు కావచ్చును. చివరకు చూడవలసినదియు, అందరును మరచునదియు, ఎక్కుచోటు. దిగునప్పుడు ఉత్సాహమే సగము బరువు మోయును. గంటసేపు దూదిపింజవలె తేలియాడి వెలుపలికి వచ్చు క్షణమున ఆ సిలిండరు, ఆ సీసపు గుండ్లు, గడచిన యేండ్లు అన్నియు ఒక్కసారిగా మోకాళ్ల మీద పడును.

ఈ జ్ఞానము నాకు పుస్తకమువలన రాలేదు. ఉత్తరమున కర్పాత అను ప్రసిద్ధమైన రేవు కలదు. అచ్చటికి పోవు తీరపుదారి ఒకవైపు మాత్రమే నడచు దారి. వెనుదిరుగరాదు, రింకోన్ గ్రామము మీదుగ చుట్టి రావలెను. ఇంత దూరము వచ్చితిమి గదాయను తొందరలో, ట్రక్కు తలుపు మీద కూర్చుండు ఆ పది నిమిషములను మానుకొని, ఫిన్లు చేతబట్టుకొని పాత కాంక్రీటు అరుగు ప్రక్కనుండి దిగబోయి, పాచి మీద కాలు జారి, వెల్లకిల వేసిన తాబేలువలె సిలిండరు క్రిందను నేను మీదను పడితిని. మరుసటి అల నా ఫిన్నొకదానిని పట్టుకొనిపోయినది. బావమరిది ఈది పోయి దానిని తెచ్చి, నన్ను లేవదీసి, ఆ దినమంతయు ఆ సంగతి ఎత్తనేలేదు. ఎత్తియున్నయెడల నాకింత బాధ యుండెడిది కాదు.

ప్రసిద్ధములైన తక్కిన వానిని గూర్చి క్లుప్తముగనే చెప్పెదను. వేయిమెట్ల రేవున మెట్లు వందకు చాల తక్కువ. దిగునప్పుడు వచ్చిన లెక్కకును, సిలిండరుతో ఎక్కునప్పుడు వచ్చిన లెక్కకును పొంతన కుదరలేదు. పేరు పెట్టినవాడు ఎక్కునప్పుడే పెట్టియుండును. హిల్మా హూకర్ అనునది 72 మీటర్ల సరకుల ఓడ. 1984లో నడక చెడి ఇచ్చటికి చేరగా, సోదా చేసినవారికి దొంగగోడ వెనుక టన్నులకొలది గంజాయి దొరకినది. ఓడ నాదని ముందుకు వచ్చినవాడు లేడు. సెప్టెంబరు 12న నీరు నిండి తానే మునిగి, 30 మీటర్ల లోతున కుడిప్రక్కకు ఒరిగి పండుకొన్నది. ఆ లోతున సిలిండరులోని గాలి పైన కంటె నాలుగింతలు వేగముగ తరుగును, ఎరుపు కంటికి మాయమగును. ఒకసారి చూడదగినదే, రెండవసారి పోవలెనని నాకు తోచలేదు.

దక్షిణమున ఉప్పుమళ్లున్నవి. మడులలోని నీరు గులాబిరంగున మెరయుచుండగా వాని వెనుక తెల్లని కుప్పలు నిలిచియుండును. నౌపడ ఉప్పుకొఠారులను చూచిన కన్నులకు ఆ దృశ్యము పరాయిది కాదు. ఉప్పును ఓడలకెక్కించు వారధి స్తంభముల నడుమ, ఓడ కట్టియుండని దినమున, మునుగవచ్చును. ఊదా, నారింజ రంగుల స్పంజికలు స్తంభములను గప్పి, చేపలు మబ్బువలె తిరుగునని చెప్పిరి. అచ్చటికి పోవుదమని బయలుదేరి, కొంత ముందుకు సాగిపోయి, ఒడ్డున వరుసగ నిలిచిన చిన్న రాతిగుడిసెల వద్ద ఆగితిమి. అవి 1850లో కట్టినవి. ద్వారము నా నడుమెత్తు. ఉప్పు తీయు బానిసలు అందులో నిద్రించి, వారాంతమున రింకోనులోని తమ యిండ్లకు గంటలకొలది నడచి పోయెడివారు. డచ్చివారి ఈ వలసలలో బానిసత్వము 1863లో గాని రద్దు కాలేదు. ఆ ద్వారమున మోకాళ్లపై ప్రాకి లోనికి పోయి చూచితిని: కాళ్లు చాచి పండుకొనుటకు ఇద్దరికి చోటు, కూర్చున్నచో తలకు కప్పు. తిరిగి వారధి వద్దకు వచ్చిన తరువాత నాకు దిగ బుద్ధి పుట్టలేదు. బావమరిది వేరొక జంటతో కలిసి దిగెను. నేను ట్రక్కులో కూర్చుంటిని. అద్దములు దించి, తలుపులకు తాళము వేయక, లోపల ఏ వస్తువును ఉంచకపోవుట అచ్చటి ఆచారము, దొంగకు అద్దము పగులగొట్టు శ్రమ తప్పించుటకు. ఆ దినమున ట్రక్కులో దొంగిలింపదగినది నేనొక్కడనే యుంటిని.

ఇక నా రేవు. దాని పేరు ఆండ్రియా టూ. ఊరికి ఉత్తరమున, బండి దిగిన పదడుగులలో నీరు. కాలి క్రింద విరిగిన పగడపు ముక్కలు గలగలమనును, జారవు. నడుము లోతువరకు నేల మెల్లగ వాలును. దాని ఘనత అంతే. కాని ఎక్కుట, దిగుట గూర్చి భయము లేనివాడు మిగిలిన బుద్ధినంతయు చూచుటకు వినియోగింపగలడు. లోతునుండి వచ్చువాడు, రక్తమున కరిగిన నైట్రోజను మెల్లగ వదలుటకై, 5 మీటర్ల లోతున మూడు నిమిషములు ఆగవలెను. పడవనుండి దిగినవాడు ఆ మూడు నిమిషములును త్రాడు పట్టుకొని వ్రేలాడుచు గడియారము చూచును. ఒడ్డువైపు తిరిగివచ్చువానికి ఆ మెరక దానంతట అదే ఎదురువచ్చును. నేను ఆ మూడింటిని ఇరువది చేసికొని, మూడు నిలువుల లోతున బోయా కట్టిన దిమ్మ ప్రక్క గడుపుచుంటిని.

ఆ దిమ్మ మీద మొదటి దినమున నేరేడుపండు నలిపినట్లు అరచేయంత మరక యుండెను. దాని ముందు పసుపు వీపు, నిలువు నల్లచారలు గల చేప యొకటి. చారలను బట్టి దానికి సార్జెంట్ మేజరు అని పేరు. గ్రుడ్లను కాయునది తండ్రి. కాయునప్పుడు ఒడలెల్ల నీలపు ఛాయకు తిరుగును. నేను దగ్గరకు పోగా అది నా మాస్కు అద్దమును ఠక్కున పొడిచినది. జానెడు లేని ప్రాణి నన్ను తరుముచున్నదని నేను మురిసిపోవుచుండగా, అది నాతో పోరాడుచున్న ఆ రెప్పపాటున వెనుకనుండి నాలుగు చిన్నచేపలు వచ్చి మరక అంచును కొరుకుకొనిపోయినవి. దొంగలకు తలుపు తీసినది నేనే. మరునాటినుండి రెండు బారల దూరమున, ఇసుకకు పైగా, ఊపిరి మాత్రము తీయుచు నిలిచితిని. మూడవనాడు ఆ నేరేడురంగు వెలిసి, ప్రతి గ్రుడ్డునందును ఆవగింజలో సగము లేని రెండు కన్నులు మెరసినవి.

ఈ సంగతి బావమరిదికి చెప్పగా, “బాగుంది” అని తన పట్టికలో మరునాటి రేవులను చూచుకొనెను. 2023లో రాతిపగడములను చంపు వ్యాధి యొకటి ఈ ద్వీపమునకు సోకినది. నిన్నటివరకు సజీవములైన పెద్ద గుండ్లు ఎముకవలె తెల్లబడి కనబడుచున్నవి; ఒక రేవునుండి వేరొక రేవునకు పోవువారు పనిముట్లను కడిగి శుద్ధి చేసికొనవలెనని చెప్పుచున్నారు. ఇరువదిరెండు రేవులవాడు దినమునకు మూడుమారులు ఆ కడుగుడు కడిగి, వారపు మధ్యకే విసిగి, పట్టికలో కొన్నిటిని కొట్టివేసెను. నేను గెలిచితినని అనుకొనలేదు. అతని పట్టికవలన చూచిన పాముచేపలను, ఇసుకలో గడ్డిపరకలవలె నిలిచి మేము దగ్గరపడగానే ఒక్కటొక్కటిగ నేలలో దూరిన వానిని, నేను ఎన్నటికి మరువను.

విమానమునకు ముందు 18 గంటలు సిలిండరుతో మునుగరాదు. కడపటి సాయంకాలము ఊరికే తీరపుదారిని పోవుచుండగా, నేనేమియు అనకయే, బావమరిది ఆ పసుపురాయి కడ బండి నాపెను. మాస్కు, గొట్టము మాత్రము తీసికొని, “మీరు కూర్చోండి, నేను పైనించి చూసి వస్తా” అని గలగలమను ఆ ముక్కల మీదుగ నీట దిగెను. బోయా వద్ద అతని వీపు చాలసేపు కదలక తేలియుండుట చూచుచు నేను ట్రక్కు వెనుక తలుపు మీద కూర్చుంటిని. పొద్దు వాలిన పిమ్మట వచ్చి, తల తుడుచుకొనుచు ననెను:

“ఖాళీ అయిపోయింది బావగారూ, ఒక్క గుడ్డు లేదు. అన్నీ వెళ్లిపోయినట్టున్నాయి. ఆయన మాత్రం అక్కడే ఉన్నాడు. ఆ పక్కనే ఇంకో చోటు చూసుకుని, నోటితో నాచు పీకి శుభ్రం చేసుకుంటున్నాడు.”