వాచ్యానికి అవతల: మార్లే ‘సర్వైవల్’, మప్ఫుమో చిమురెంగా పాటల్లో ధ్వని

నిరసన గీతాన్ని పరిశీలించేటప్పుడు మన విమర్శ సాధారణంగా పాటను కాగితం మీదికి దింపి చదువుతుంది. పాట ఏ పీడనను ఎత్తిచూపింది, ఎవరిని సంబోధించింది, ఏ ప్రతీకలు వాడింది అనే ప్రశ్నలకు చరణాల్లోనే సమాధానాలు వెతుకుతుంది. బాణీ, వాద్యం, పాడిన సందర్భం ఒకటి రెండు వాక్యాల ప్రస్తావనతో సరిపెట్టబడతాయి. ఇలా చదివినప్పుడు కొన్ని పాటలు పేలవంగానూ, మరికొన్ని మరీ సరళంగానూ కనిపిస్తాయి. ఒకే దేశ విముక్తిని గురించి దాదాపు ఒకే కాలంలో ఇద్దరు గాయకులు చేసిన పాటలను పక్కపక్కన ఉంచి, ఈ పఠన పద్ధతిలోని కొరతను గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం. వారిలో ఒకరు జమైకా రెగే గాయకుడు బాబ్ మార్లే, మరొకరు జింబాబ్వేకు చెందిన థామస్ మప్ఫుమో.

ఈ పరిశీలనకు అలంకారశాస్త్రంలోని రెండు సూత్రాలు ఆధారం. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం తృతీయోద్యోతంలో వ్యంజకత్వం వాచకత్వం కంటే భిన్నమని స్థాపిస్తూ, వాచకాలు కాని గీతశబ్దాలు సైతం రసాదులను స్ఫురింపజేయడాన్ని నిదర్శనంగా చూపాడు. మమ్మటుడు కావ్యప్రకాశంలో వక్త, శ్రోత, కాకువు, ప్రస్తావం, దేశం, కాలం మొదలైనవాటి విశేషం వల్ల అర్థాంతరం స్ఫురిస్తుందని చెప్పాడు. మొదటి సూత్రం మాట లేనిచోట అర్థాన్ని వినమంటుంది. రెండవది, మాట మారకుండానే అర్థం ఎలా మారుతుందో వివరిస్తుంది.

వాచ్యంలో శంక

మార్లే ‘సర్వైవల్’ ఆల్బం 1979లో వెలువడింది. దాని అట్ట మీద ఆఫ్రికా దేశాల జెండాలు వరసలుగా కనిపిస్తాయి. పేరు రాసిన పట్టీలో బానిసలను కుక్కి తరలించిన ఓడ నమూనా చిత్రం ఉంది. ఖండం నుంచి మనుషులను తరలించిన గతాన్నీ, ఆ ఖండంలో ఏర్పడిన స్వతంత్ర రాజ్యాల వర్తమానాన్నీ ఒకే చూపులో కలిపిన అట్ట ఇది. పాట వినకముందే ఆల్బం తన వాదాన్ని మొదలుపెట్టింది.

ఇందులోని ‘జింబాబ్వే’ పాట వాచ్యప్రధానమైనది. ప్రతి మనిషికీ తన భవితవ్యాన్ని తాను నిర్ణయించుకునే హక్కు ఉందని అది సూటిగా ప్రకటిస్తుంది. ఆ ఏడాది నడిమి నుంచి చివరి దాకా ఆ దేశం అధికారికంగా ‘జింబాబ్వే రొడీషియా’. వలసపాలన గుర్తును పక్కకు నెట్టి, మిగిలిన పేరునే పల్లవిగా పాడడం ఒక రాజకీయ చర్య. అయితే ఈ పాటను విజయగీతంగా మాత్రమే చదవడం పొరపాటు. పోరాడేవారి మధ్య అంతర్గత అధికార కలహం గురించిన హెచ్చరిక, నిజమైన విప్లవకారులెవరో త్వరలోనే తేలుతుందన్న మాట అందులో ఉన్నాయి. విజయం ఇంకా చేతికి రాకముందే, ఆ తర్వాత రాబోయే ప్రశ్నను పాట ఎదుట పెట్టింది.

1980 ఏప్రిల్ 17 రాత్రి, నాటి సాల్స్‌బరీ, నేటి హరారే నగరంలోని రుఫారో స్టేడియంలో స్వాతంత్ర్యోత్సవం జరిగింది. మార్లే అక్కడ పాడుతుండగా, లోపలికి రావడానికి ప్రయత్నిస్తున్న జనం మీద పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు. ఆ పొగ వేదిక దాకా వచ్చి కచేరీ కొంతసేపు ఆగింది. పాటలో ఒక్క మాట కూడా మారలేదు. కానీ విముక్తి వేడుకకు వచ్చిన సామాన్యులు బయటే నిలిచిపోయిన ఆ రాత్రి, నిజమైన విప్లవకారులెవరన్న పంక్తి అదే పంక్తిగా మిగలలేదు. మమ్మటుడు చెప్పిన దేశకాల విశేషానికి ఇంతకంటే స్పష్టమైన ఆధునిక ఉదాహరణ అరుదు.

వాద్యంలో వ్యంగ్యం

మప్ఫుమో మార్గం వేరు. షోనా భాషలో ‘చిమురెంగా’ అంటే పోరాటం. 1896–97లో వలసపాలన మీద జరిగిన తిరుగుబాటుకు ఆ పేరుంది. అందులో నాయకత్వం వహించిన నెహాండా ఆత్మవాహికను 1898లో ఉరితీశారు. 1970లలో సాగిన సాయుధ పోరాటాన్ని రెండవ చిమురెంగాగా పిలుచుకున్నారు. మప్ఫుమో తన సంగీతానికి ఆ పేరే పెట్టుకున్నాడు.

ఈ సంగీతానికి మూలం ఎంబిరా. చెక్కపలకకు బిగించిన ఇనుపరేకులను బొటనవేళ్ళతోనూ చూపుడువేలితోనూ మీటే వాద్యం అది. ‘బిరా’ అనే క్రతువులో పితృదేవతల ఆత్మలను ఆహ్వానించడానికి దానిని వాయిస్తారు. మప్ఫుమో బృందాల్లోని గిటారిస్టులు తీగలను అదిమిపట్టి మీటి, ఆ రేకుల పొడిపొడి నాదాన్ని విద్యుత్ గిటారులోకి తెచ్చారు. హోషో అనే గింజల బుర్ర లయను డ్రమ్ములలోని తాళపు చిప్పలకు అప్పగించారు. ఆయన 1974లో హల్లెలూయా చికెన్ రన్ బ్యాండ్‌తో రికార్డు చేసిన ‘ఎన్గోమా యారిరా’లో ఈ మార్పు స్పష్టంగా వినిపిస్తుంది. క్రతువులో ఆ నాదాన్ని విని పెరిగిన శ్రోతకు, గాయకుడు నోరు విప్పకముందే పూర్వీకులు గుర్తుకొస్తారు. పూర్వీకులతో పాటు వారు పోగొట్టుకున్న నేల, ఉరికంబమెక్కిన నెహాండా కూడా గుర్తుకొస్తారు. ఆనందవర్ధనుడు చెప్పిన అవాచక వ్యంజకత్వం ఇదే.

ఆ పాటలన్నీ వ్యంగ్యగీతాలే అనడం సరికాదు. పిల్లల్ని యుద్ధానికి పంపమని నేరుగా కోరిన పాట కూడా ఉంది. 1970ల చివర వచ్చిన ఆల్బం పేరు ‘హోకోయో’, అంటే ఖబడ్దార్. కానీ ఎవరిని ఉద్దేశించిన ఖబడ్దార్ అన్నది పేరు చెప్పదు, శ్రోతే పూరించుకోవాలి. షోనా రాని పాలకులకు ఇది చాలాకాలం అందలేదు, అందాక గాయకుణ్ణి విచారణ లేకుండా నిర్బంధించారు.

ఇక్కడ ఒక ఆక్షేపణను పట్టించుకోవాలి. థామస్ టురీనో 2000లో ప్రచురించిన తన గ్రంథంలో, ఎంబిరా బాణీలు గిటారు బృందాల్లోకి రావడానికి రాజకీయ సంకల్పం కంటే వృత్తి సంగీతకారుల అవసరాలు, శ్రోతల అభిరుచి ముఖ్య కారణాలని వాదించాడు. అది చారిత్రకంగా బలమైన వాదం. కానీ ధ్వని సిద్ధాంతం ప్రకారం వ్యంగ్యార్థం ప్రయోక్త సంకల్పానికే కట్టుబడి ఉండదు. బాణీ ఎందుకు పుట్టిందన్నది ఒక ప్రశ్న, యుద్ధకాలంలో అది ఏమి స్ఫురింపజేసిందన్నది మరొక ప్రశ్న. మొదటిదానికి టురీనో ఇచ్చిన సమాధానం రెండవదాన్ని రద్దు చేయదు.

స్వాతంత్ర్యం తర్వాత

విముక్తి గీతానికి అసలు పరీక్ష విముక్తి తర్వాతే. మార్లే 1981లో మరణించాడు. ఆయన పాటలోని శంకను కొనసాగించే పని మప్ఫుమో మీద పడింది. మంత్రుల కార్ల కొనుగోలు కుంభకోణం ‘విల్లోగేట్’ దేశాన్ని కుదిపిన రోజుల్లో, 1989లో ఆయన ‘కరప్షన్’ ఆల్బం వచ్చింది. మార్లే ఆల్బం వెలువరించిన ఐలాండ్ సంస్థకే చెందిన మాంగో ముద్రతో అది అంతర్జాతీయంగా విడుదలైంది. ఆ పాట పల్లవి ఇంగ్లీషులో ఉంది. పరాయి పాలకులకు అర్థం కాకుండా షోనాలో పాడిన గాయకుడు, సొంత పాలకుల అవినీతిని దాపరికం లేని మాటల్లో పేరుపెట్టి పాడాడు. వ్యంగ్యం నుంచి వాచ్యానికి జరిగిన ఈ ప్రయాణాన్ని కళాత్మక పతనంగా లెక్కించకూడదు. ‘చిమురెంగా’ అనే పేరును ప్రభుత్వమే తన చిహ్నంగా చేసుకున్నాక, పోరాట నాదం ఒక్కటే ఎవరి పక్షాన ఉన్నదీ చెప్పలేదు. అది చెప్పడానికి మాట అవసరమైంది. ఆయన 2000 ప్రాంతంలో అమెరికాకు వెళ్ళిపోయాడు. ముగాబే పదవి కోల్పోయిన తర్వాత, 2018లో మళ్ళీ హరారేలో పాడాడు.

దీన్నిబట్టి, నిరసన గీతంలో వాచ్యం కంటే వ్యంగ్యం ఎప్పుడూ ఉత్తమమన్న తారతమ్యం నిలవదు. పాలకుడు పరాయివాడైనప్పుడు నాదం మాటకు రక్షణ ఇచ్చింది. పాలకుడు ఆ నాదాన్నే సొంతం చేసుకున్నప్పుడు మాట దాన్ని విడిపించింది. మార్లే పాటలో అర్థాన్ని సందర్భం మార్చింది, మప్ఫుమో పాటలో సందర్భాన్నిబట్టి గాయకుడే సాధనాన్ని మార్చుకున్నాడు. చరణాలను మాత్రమే అచ్చువేసుకుని చదివేవారికి ఈ రెండూ కనబడవు.

మన ఉద్యమ గీతాల సంకలనాలు, వాటి మీద జరిగే పరిశోధనలు కూడా చాలావరకు పాఠాన్నే భద్రపరుస్తున్నాయి. ఏ వాద్యంతో, ఏ సభలో, ఎవరి ఎదుట పాడారన్నది పాడినవారి జ్ఞాపకంలోనే ఉండిపోతోంది. పాట పాఠంతో పాటు ఆ వివరాలనూ నమోదు చేయకపోతే, రేపటి పరిశోధకుడి చేతికి వాచ్యం మాత్రమే అందుతుంది.