మేళం కట్టే చేయి

బొబ్బిలి వీణ అనగానే అందరూ ఒకే పనస దుంగలోంచి కుండనూ దండినీ తొలిచే ఉలిని మెచ్చుకుంటారు. నా ఓటు మాత్రం మేళం కట్టే పనికే, అంటే మెట్లు అమర్చే పనికే. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో వీణలు చేసే పనివారు మైనంలో నల్లపొడి కలిపి, దండి మీద రెండు వరసలుగా పరిచి, 24 మెట్లను ఒక్కొక్కటే అదుముతారు. తీగ మీటడం, వినడం, వెంట్రుకవాసి జరపడం, మళ్లీ మీటడం. ఇక్కడ తీర్పు చెవిదే. తేడా వస్తే గాంధారం గాంధారంలా పలకదు మరి! పైగా ఎండలకు మైనం మెత్తబడుతుంది, వాయించగా మెట్లు అరుగుతాయి. మ్యూజియం బీరువాలోని వీణకు దుమ్ము దులిపితే సరిపోవచ్చు. సంగీతం నేర్చుకునే పిల్ల వీణకు కొన్నేళ్లకోసారి ఈ చేయి తగలాల్సిందే. సన్మానాల్లో జ్ఞాపికలుగా ఇచ్చే బుల్లి వీణలకూ మంచి గిరాకీ ఉంది. వాటికి మేళంతో పనే లేదు.