బెర్నార్డ్ కాలేయం, కానన్ పిల్లులు

1855లో పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్ ఒక కుక్క కాలేయాన్ని బయటికి తీసి, దాని రక్తనాళాల గుండా నీళ్లు పారించి, చక్కెర జాడ లేకుండా కడిగేశాడు. మర్నాడు చూస్తే అదే కాలేయంలో మళ్లీ చక్కెర! తిండితో మాత్రమే వస్తుందనుకున్న దాన్ని శరీరం తనలోనే తయారు చేసుకుంటోందన్నమాట. కణాలు బతికేది బయటి గాలిలో కాదు, తమ చుట్టూ ఉన్న ద్రవాల్లో. ఆ లోపలి వాతావరణం నిలకడగా ఉన్నంతవరకే జీవికి బయట స్వేచ్ఛ. బెర్నార్డ్ ఈ మాట ఇలాంటి పనుల మీదే నిలబెట్టాడు. 1878లో, ఆయన పోయిన ఏడాదే అచ్చయిన ఉపన్యాసాల్లో అది స్పష్టమైన రూపం తీసుకుంది. చదవడానికి కాస్త కరకుగానే ఉంటాయి అవి.

హార్వర్డ్ ఆచార్యుడు వాల్టర్ కానన్ 1932లో తెచ్చిన ‘ది విజ్‌డమ్ ఆఫ్ ది బాడీ’ మాత్రం చేయి పట్టి నడిపిస్తుంది. దాహం, చెమట, వణుకు, రక్తంలో చక్కెర ఒక్కొక్కటిగా విప్పి చూపిస్తాడు. బెర్నార్డ్ 1851లో కుందేలు మెడలో ఒక సహానుభూత నాడిని కోసి, చెవి వేడెక్కడం గమనించాడు. కానన్ పిల్లుల్లో ఆ నాడి భాగమైన గొలుసును రెండువైపులా మొత్తం తీసేశాడు. అవి చావలేదు. ప్రయోగశాల వెచ్చదనంలో తిని తిరిగాయి. చలిలో పెడితే మాత్రం వెంట్రుకలు నిక్కబొడుచుకోలేదు, ఒంటి వేడిని దాచుకునే ఉపాయం చాలలేదు. స్వేచ్ఛ గురించి బెర్నార్డ్ చెప్పినదానికి ఇంతకంటే గట్టి రుజువు ఆయన సొంత పుస్తకంలోనే లేదు. ఆ పిల్లులకు ప్రాణం ఉంది, గది దాటే వీలు లేదు.

ఊహలో బెర్నార్డ్‌ది పైచేయి, పనితనంలో కానన్‌ది. అయితే కానన్ తన పుస్తకం చివర్లో తప్పటడుగు వేశాడు. ఆర్థికమాంద్యం రోజుల్లో రాస్తూ, సమాజం కూడా శరీరంలా తనను తాను నిలుపుకోవడం నేర్చుకోవాలన్నాడు. ఉద్దేశం మంచిదే, పోలికే అతకదు. రక్తంలో చక్కెర ఎంత ఉండాలో కాలేయానికీ కండరానికీ తగవు లేదు. కూలి ఎంత ఉండాలో యజమానికీ కార్మికుడికీ ఉంది. శరీరంలోనైనా ఏది ఎంత ఉండాలనే లెక్క ఎప్పుడూ ఒకటే కాదు. తెల్లవారుజామున తగ్గే ఒంటి వేడి సాయంత్రానికి పెరుగుతుంది. జ్వరంలో మెదడే ఆ వేడి ఎంత ఉండాలనే గీతను పైకి జరుపుతుంది. మరి సమాజంలో గీత ఎక్కడ గీయాలో, ఎవరు గీయాలో కానన్ ముగింపు తేల్చదు.