నలిగినోళ్ళ అక్షరమాల

మా నాయనమ్మకు అఆలు రావు. దావీదు కీర్తనలు మాత్రం సగానికి సగం నోటికొచ్చు. ఆదివారం గుళ్ళో పాస్టరయ్యగారు చదువుతుంటే ఆయనకంటే అరమాట ముందే ఆమె పెదాలు కదిలేవి.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు, జీతం గింజలు అడిగినందుకు మా నాయన్ని కామందు కళ్ళంలోనే చెర్నాకోలతో కొట్టాడు. ఆ రాత్రి నాయనమ్మ ఏడవలేదు. బుడ్డిదీపం దగ్గర నన్ను కూచోబెట్టి "ఒరే, పదోది తియ్యి" అంది. చదివాను. "మళ్ళీ చదువు" అంది. మూడుసార్లు చదివించింది. మర్నాడు పరామర్శకొచ్చిన అయ్యగారు ఇరవైమూడో కీర్తన చదివి, ఓర్చుకోమని ప్రార్థన చేసి వెళ్ళిపోయాడు. కాపరి మీద రాసిన ఆ కీర్తన మంచిదే. కానీ ఆ రోజు మా ఇంటికి కావలసింది అది కాదని సదువులేని ముసలమ్మకు తెలిసింది, వేదాంతం చదివినాయనకు తెలవలేదు.

ఆమెకెలా తెలిసిందన్నది చాన్నాళ్ళు నన్ను తొలిచేసింది. పెద్దయ్యాక, థియాలజీ చదివే స్నేహితుడి దగ్గర హీబ్రూ అక్షరాలు కూడబలుక్కుని, ఆ పదో కీర్తననే ముందేసుకుని కూచున్నాను.

కీర్తనల గ్రంథానికి హీబ్రూలో పేరు తెహిల్లీం, అంటే స్తుతులు. నూటయాభై ఉన్నాయి. జర్మన్ పండితుడు హెర్మన్ గుంకెల్ (1862-1932) వీటిని రకాలుగా విడదీసి చూస్తే తేలిందేమిటంటే, ఒంటరి మనిషి పెట్టుకునే మొరలే అన్నిటికంటే ఎక్కువ. స్తుతులని పేరుపెట్టిన పుస్తకం నిండా ఫిర్యాదులే! మన గుళ్ళల్లో మైకులు పెట్టి పాడేవాటిని చూస్తే ఈ సంగతి ఎవరికీ అనుమానం కూడా రాదు.

తొమ్మిది, పది కీర్తనలు నిజానికి ఒకటే పాట. పాత గ్రీకు అనువాదంలో రెంటికీ కలిపి ఒకటే అంకె. పదోదానికి విడిగా శీర్షిక కూడా లేదు. అంతకంటే గట్టి సాక్ష్యం అక్షరాలు. హీబ్రూకున్న ఇరవై రెండు అక్షరాల్నీ వరసగా తీసుకుని, ఒక్కో అక్షరంతో ఒక్కో చరణం ఎత్తుకుంటూ పోయే పద్ధతి ఇది. తొమ్మిదోదాంట్లో ఆలెఫ్‌తో మొదలై, మధ్యలో దాలెత్ ఒకటి తప్పిపోయి, చివరికి కాఫ్ దాకా వస్తుంది. పదోది లామెద్‌తో అందుకుంటుంది. ఆ అక్షరంతో వచ్చే మాట "లామా". ఎందుకు? దేవుడా, ఎందుకంత దూరాన నిలబడ్డావు అని నిలదీయడంతో పాట ఎత్తుకుంటుందన్నమాట. అయ్యగారు పదోదాన్ని ఎందుకు పక్కనబెట్టాడో ఇక్కడే సగం తెలుస్తుంది.

ఆ తర్వాత దుర్మార్గుడు వస్తాడు. వాడికి దేవుడి లెక్కలేదు, తాను ఎప్పటికీ కదలననే ధీమా. వాడు కాపుగాసేది ఎక్కడో కాదు, పల్లెల్లో. గుబురులో సింహంలా నక్కి, పేదవాణ్ణి వలలోకి ఈడ్చుకుపోతాడు. సరిగ్గా వీడి వర్ణన సాగినంత మేరా అక్షరాల వరస చెడిపోతుంది. కొన్ని కనబడవు, కొన్ని తారుమారు. దుర్మార్గుడు ఊళ్ళోకొస్తే అక్షరమే చెదిరిపోయిందని కవి చూపించాడని కొందరంటారు. నాకూ అట్లాగే అనుకోవాలని ఉంది. కానీ దుర్మార్గుడు రాకముందే దాలెత్ పోయింది గదా! నకలు రాసేవాళ్ళ చేతుల్లో చెడిపోయి ఉండొచ్చన్న మాటను కొట్టిపారేయలేను.

ఎట్లా చెదిరినా, తిరిగి కుదురుకునే చోటు చూడండి. కొఫ్ అక్షరంతో "కూమా", అంటే లే. రెష్‌తో "రాయీతా", చూశావు. దేవుడు చూడడులే అని దుర్మార్గుడు లోలోపల అనుకున్నదానికి ఈ ఒక్క మాటే జవాబు. షిన్‌తో "షెవోర్", విరగ్గొట్టు. విరగ్గొట్టమన్నది వాడి చెయ్యిని. ఇది చదివినప్పుడు నాకు కళ్ళం, చెర్నాకోల పట్టుకున్న చెయ్యీ కళ్ళముందు ఆడాయి. నాయనమ్మ మూడుసార్లు చదివించింది దీనికోసమేనని ఇప్పటికీ నా నమ్మకం.

ఇక తెలుగు మాట సంగతి. ఈ కీర్తనలో "ఆనీ" అనే మాటను మన బైబిల్లో దీనుడు అన్నారు. దీనుడంటే మనకు మనసులో మెదిలేది చేతులు కట్టుకుని జాలిగా చూసేవాడు. హీబ్రూ మాట వెనక అణగదొక్కడం అనే క్రియ ఉంది. అణగదొక్కినవాడొకడున్నాడని అది చెబుతుంది. దీనుడు అనగానే తొక్కినవాడు మాయమైపోయాడు. "దాఖ్" అనే మాటకు మాత్రం నలిగినవారు అని సరిగ్గా పెట్టారు. దళిత వేదాంతులు కొందరు హీబ్రూ "దల్"కూ మన దళిత్‌కూ చుట్టరికం కలుపుతారు. దల్ అంటే బక్కచిక్కినవాడు, పేదవాడు. ఫరో కలలో చిక్కిపోయిన ఆవులకూ అదే మాట వాడారు. కానీ రెండూ వేరు వేరు కుటుంబాల భాషలు, శబ్దం కలిసింది అంతే. అర్థంలో దళితుడికి దగ్గరివాడు దాఖ్. మనకు కావలసింది చెవికింపైన పోలికా, నలగ్గొట్టినవాడి లెక్కా?

అట్లాగని ఈ పాటను నెత్తిన పెట్టుకోలేను. అక్షరాల వరస కట్టినవాడు చదువుకున్నవాడే, మా నాయనమ్మలాంటోడు కాదు. పైగా అన్యజనులు ఆ దేశంలోంచి నశించారని ఒక చరణంలో ఉంది. పేదోడి శత్రువునూ పరాయి జాతినీ ఒకే గాటన కట్టిన ఆ మాట నాకు మింగుడుపడదు. పరాయివాళ్ళని మమ్మల్నే ఊరిబయట పెట్టిన చోట అది ఎవరి చేతిలో ఆయుధమవుతుందో తెలుసు.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని పొలాల్లో వెంటాడి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ వార్త చదివిన రోజు మళ్ళీ పదోదే తీశాను. చివరి అక్షరం తావ్. దాంతో మొదలయ్యేది అణగారినవాళ్ళ కోరిక అనే మాట. విన్నావు అంటుంది పాట. తీర్పు జరిగిపోయిందని మాత్రం అనదు. తండ్రిలేనోళ్ళకూ నలిగినోళ్ళకూ న్యాయం చెయ్యడానికి, మట్టిలోంచి వచ్చిన మనిషి ఇంకెవర్నీ భయపెట్టకుండా చెయ్యడానికి వినమంటుంది. ఇక్కడ మట్టి అన్నచోట ఉన్న "ఎరెత్స్" అనే మాటకు భూమి అనీ అర్థముంది, దేశమనీ ఉంది.

ఆ రాత్రి మూడోసారి ఇక్కడికి వచ్చేసరికి నాయనమ్మ, "వాడూ మట్టిమనిషే గదరా" అని, దీపం ఆర్పేసింది. నాయన మళ్ళీ ఆ కళ్ళంలో అడుగుపెట్టలేదు. గింజలూ రాలేదు.