మంత్రం సోకని పాత్రలు: రక్షణకు చెల్లించే మూల్యం

మంత్రశక్తికి చోటున్న ప్రతి కథాలోకానికీ ఆ శక్తికి లొంగని పాత్ర ఒకటి అవసరమవుతుంది. మంత్రానికి ఎక్కడో ఒకచోట హద్దు లేకపోతే కథలో సంఘర్షణకు తావుండదు. పురాణాలతో పరిచయమున్న పాఠకులకు ఇది కొత్త విషయం కాదు. కర్ణుని సహజ కవచకుండలాలు అటువంటి హద్దే. అయితే కర్ణుడు జనహృదయంలో నిలిచింది కవచం ఉన్నందువల్ల కాదు, దానిని తన దేహం నుంచి కోసి ఇంద్రునికి దానం చేసినందువల్ల. రక్షణ పాత్రకు బలాన్నిస్తుంది. ఆ రక్షణ కోసం చెల్లించే మూల్యం పాత్రకు వ్యక్తిత్వాన్నిస్తుంది. అర్ధశతాబ్ది కిందట అమెరికాలో పుట్టిన ఒక కథాక్రీడ ఈ సత్యాన్ని కొంతకాలం గుర్తించి, తర్వాత క్రమంగా విస్మరించిన తీరు పరిశీలించదగినది.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించగా 1974లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా పట్టణం నుంచి వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' పాత్రధారణ క్రీడలకు ఆద్యం. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు సూత్రధారిగా కథాలోకాన్ని వర్ణిస్తారు. తక్కినవారు తలా ఒక పాత్రను ధరించి, ఆ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. ఫలితం సందేహాస్పదమైన చోట పాచికలు నిర్ణయిస్తాయి. ఇక్కడ ముందుగా రాసిన కథ ఉండదు. నియమగ్రంథం మాత్రమే ఉంటుంది. కనుక ఈ ప్రక్రియలో పాత్రచిత్రణ ఎలా ఉన్నదో తెలుసుకోవాలంటే నియమాలనే సాహిత్యంగా చదవవలసి ఉంటుంది.

తొలినాళ్లలో మంత్రనిరోధం ప్రధానంగా భూతప్రేతాది జాతుల లక్షణం. 1977 నాటి 'మాన్‌స్టర్ మాన్యువల్' దానిని శాతాలలో కొలిచింది. 11వ స్థాయి మాంత్రికుని ప్రమాణంగా గ్రహించి, ప్రయోక్త అంతకు మించిన ఒక్కొక్క స్థాయికి 5 శాతం చొప్పున నిరోధాన్ని తగ్గించారు. తక్కువైన స్థాయికి అదే లెక్కన పెంచారు. 50 శాతం నిరోధమున్న జీవి 16వ స్థాయి మాంత్రికుని ఎదుట 25 శాతానికి దిగిపోతుంది.

అదే గ్రంథంలో భారతీయ రాక్షసుడు సైతం పులి తలతో దర్శనమిస్తాడు. ఎనిమిదో శ్రేణికి దిగువనున్న మంత్రాలేవీ అతనిని తాకవు. ఈ చిత్రణను రామాయణంతో పోల్చినప్పుడు లోపం స్పష్టమవుతుంది. రావణుని అవధ్యత్వం తపస్సు చేసి సంపాదించినది. వరం కోరేటప్పుడు మానవులను తృణప్రాయంగా ఎంచి విడిచిపెట్టడం అతని అహంకారం. ఆ వరంలోని రంధ్రం అతని స్వభావంలోని రంధ్రమే. క్రీడలోకి వచ్చిన రాక్షసునికి తపస్సూ లేదు, అహంకారం చేసిన పొరపాటూ లేదు. ఒక సంఖ్య మాత్రం మిగిలింది. అది గోడ, పాత్ర కాదు.

క్రీడాకారులు ధరించే పాత్రల విషయంలో ఆనాటి నియమకర్తలు మరింత లోతుగా ఆలోచించారనడానికి డ్వార్ఫ్ జాతి తార్కాణం. భూగర్భంలో నివసించే ఈ పొట్టి జాతివారి దేహదార్ఢ్యమే వారికి మంత్రాల నుంచి రక్ష. దేహబలం 14 ఉన్న డ్వార్ఫ్, మంత్రాన్ని తట్టుకోవడానికి 20 ముఖాల పాచిక వేసినప్పుడు వచ్చిన సంఖ్యకు 4 కలుపుకుంటాడు. ఈ వరానికి మూల్యం ఉంది. ఆ జాతివాడు మాంత్రికుడు కాలేడు. 1989 నాటి రెండవ కూర్పు మరొక అడుగు వేసి, తన వృత్తికి ప్రత్యేకంగా ఉద్దేశించని మంత్రవస్తువును డ్వార్ఫ్ ఉపయోగిస్తే అది విఫలమయ్యే అవకాశం 20 శాతమని విధించింది. శత్రువు మంత్రాన్ని అడ్డుకునే దేహం తన చేతిలోని మంత్రవస్తువును కూడా అడ్డుకుంటుంది. ఒకే స్వభావానికి ఇవి రెండు ముఖాలు. నియమం ఇక్కడ పాత్రచిత్రణగా మారింది.

1985లో వెలువడిన 'అన్‌ఎర్త్‌డ్ ఆర్కేనా'లోని బార్బేరియన్ అనే అనాగరిక యోధుడు ఇందుకు పరాకాష్ఠ. మంత్రమంటే అతనికి ద్వేషం. మంత్రవస్తువులను ధ్వంసం చేస్తే అతనికి అనుభవ ఫలం లభిస్తుంది. తొలిదశలో మాంత్రికులతో కలిసి నడవడానికి అతడు ఇష్టపడడు. స్థాయి పెరిగేకొద్దీ ఆ పట్టుదల మెల్లమెల్లగా సడలుతుంది. ద్వేషం నుంచి సహనానికి సాగే ఈ ప్రయాణం ఒక నవలకు సరిపడే ఇతివృత్తం. కాని నలుగురు మిత్రులు కలిసి ఆడే చోట, ఒకరి పాత్ర మరొకరి పాత్రను వెలివేయడం, దొరికిన నిధిని పగలగొట్టడం రసభంగానికి దారితీస్తాయి. మూల్యం ఉండాలన్నది సరే, దానిని ఎవరు చెల్లించాలన్న ప్రశ్నకు ఈ నియమం సరైన సమాధానం ఇవ్వలేదు. ఇక్కడ మూల్యంలో అధికభాగం సహచరుల మీద పడింది.

ఆ సమాధానం 2000 నాటి మూడవ కూర్పులో కనిపిస్తుంది. అందులో మంక్ అనే సన్యాసి యోధుడు 13వ స్థాయికి చేరేసరికి తన స్థాయికి 10 కలిపినంత, అంటే 23, మంత్రనిరోధాన్ని సాధిస్తాడు. ప్రయోక్త 20 ముఖాల పాచిక వేసి, వచ్చిన సంఖ్యకు తన స్థాయిని కలిపి, ఆ మొత్తంతో 23ను అందుకోవాలి. ఇది సాధనవల్ల అబ్బిన శక్తి. జన్మతః వచ్చినది కాదు. అంతకంటే ముఖ్యం, ఆ నిరోధానికి మిత్రుడు, శత్రువు అన్న భేదం తెలియదు. గాయాలు మాన్పే మిత్రుని మంత్రం కూడా ఆ గోడను దాటవలసిందే. కావాలనుకుంటే సన్యాసి తన నిరోధాన్ని దించుకోవచ్చు. అందుకు తన వంతులోని ప్రధాన చర్యను వెచ్చించాలి; తిరిగి తన వంతు వచ్చేవరకు శత్రుమంత్రాలకు కూడా ద్వారం తెరిచి ఉంచాలి.

ఇక ఆ సన్యాసి స్పృహతప్పి నేలకొరిగాడనుకుందాం. నిరోధాన్ని దించుకునే శక్తి అతనికి లేదు. 13వ స్థాయి పురోహితుడైన మిత్రుడు ప్రాణదానం చేయబోతే, పాచికపై 10 లేదా అంతకు మించి పడాలి. 20 అవకాశాలలో 11 మాత్రమే అనుకూలం. ఏళ్ల తరబడి సాధనతో కట్టుకున్న కోట ఆపత్సమయంలో ఆత్మీయుని చేతిని బయటనే నిలబెడుతుంది. ఏ సూత్రధారీ కల్పించనవసరం లేని కరుణరసం ఆ ఒక్క నియమంలో ఇమిడి ఉంది. ఎవరినీ లోపలికి రానివ్వని స్వయంసమృద్ధికి ఇంతకంటే నిశితమైన విమర్శ ఈ ప్రక్రియలో అరుదు.

2014 నాటి అయిదవ కూర్పు ఈ చిక్కును తొలగించింది. మంత్రనిరోధం ఉన్న పాత్ర మంత్రాన్ని తట్టుకోవలసి వచ్చినప్పుడు రెండు పాచికలు వేసి పెద్ద సంఖ్యను తీసుకుంటుంది. సగానికి సగమున్న అవకాశం 75 శాతానికి పెరుగుతుంది. గాయాలు మాన్పే మంత్రాలకు ఈ పరీక్ష లేదు గనుక అవి నిరాటంకంగా పనిచేస్తాయి. 2016లో యువాన్-టీ, 2020లో సాటిర్ జాతుల పాత్రలకు ఈ లక్షణం పుట్టుకతోనే లభించింది. రాక్షసుడు సైతం ఆరో శ్రేణి వరకు గల మంత్రాలను తాను కోరుకుంటే తప్ప తాకనివ్వడు. కోరుకోవడానికి అతడు వెచ్చించేది ఏమీ లేదు.

ఈ మార్పులో ప్రయోజనం లేదని అనడం న్యాయం కాదు. శాతాల లెక్క ఉన్నప్పుడు మాంత్రికుని పాత్రధారి ఒక సాయంత్రమంతా మంత్రం తర్వాత మంత్రం వృథా అవుతుంటే చూస్తూ కూర్చోవలసి వచ్చేది. కొత్త పద్ధతి సులభం, ఆట వేగంగా సాగుతుంది, కొత్తవారు భయపడరు. అయితే హానిని మాత్రమే ఆపి మేలును యథేచ్ఛగా రానిచ్చే గోడ ఒక సదుపాయం మాత్రమే. దానివల్ల పాత్ర బతుకుతుంది, కాని ఆ పాత్ర గురించి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

మూల్యాన్ని నిలబెట్టుకుంటూనే నియమాన్ని సరళంగా ఉంచడం సాధ్యమేనని ఇదే రంగంలోని 'గర్ప్స్' నిరూపించింది. 1986లో మొదలైన ఆ క్రీడ 2004 కూర్పు ప్రకారం, మంత్రనిరోధం సహచరుల శుభమంత్రాలకూ అంతే అడ్డు. సాధారణంగా ఆ గుణమున్న పాత్రకు మంత్రప్రతిభ ఉండదు. నియమం క్లుప్తమైనదే. ఆ పాత్రను ఎంచుకునేవారు తాము ఏం వదులుకుంటున్నారో తెలిసి ఎంచుకుంటారు.

ఈ క్రీడల నియమకర్తలు సౌలభ్యానికి, పాత్రపోషణకు మధ్య సమతౌల్యం కోసం నేటికీ అన్వేషిస్తున్నారు. మంత్రం సోకని పాత్రను మలచేటప్పుడు అది దేనిని తట్టుకోగలదన్న లెక్కతో పాటు, దేనికి దూరమవుతుందన్న ప్రశ్నను కూడా వారు వేసుకోవలసి ఉంది. నేలకొరిగిన సన్యాసిని, అతని పక్కన పాచిక చేతబట్టిన మిత్రుని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టిన నియమం ఆ ప్రశ్న వేసుకున్నది. అందుకే దానిలోని క్లిష్టత క్షమార్హం.