పేనుకొరుకుడు: పేరు చెప్పునది, ఛాయాచిత్రము చూపునది

తలపై రూపాయి బిళ్ళంత మేర వెంట్రుకలు రాలి నున్నని మచ్చ ఏర్పడినచో దానిని తెలుగువారు పేనుకొరుకుడు అందురు. మండపేటలోనైనను మదనపల్లెలోనైనను పేరు ఇదే. ఈ పేరులోనే కారణము, నేరము, శిక్ష మూడును ఇమిడియున్నవి. పేను కొరికినది, కనుక పిల్లవానికి శుభ్రత లేదు, కనుక వానిని బెంచీ చివర కూర్చుండబెట్టవలెను! చికిత్స కూడ పేరు వెంటనే నడచినది. గురివింద గింజను అరగదీసి మచ్చపై పట్టించు నాటువైద్యము ఇంకను వినబడుచునే యున్నది. ఆ గింజలోని ఏబ్రిన్ ప్రాణములు తీయగల విషమని చెప్పువారు అరుదు.

ఈ పేరును పరీక్షకు నిలబెట్టిన సాధనము డెర్మోస్కోపు. చర్మమును పది రెట్లు పెంచి చూపు కటకము, దానిచుట్టు చిన్న దీపములు, ఇంతియే దాని స్వరూపము. జేబులో పట్టును, సెల్‌ఫోనుకు తగిలించినచో ఛాయాచిత్రము తీయును. దీనితో వెంట్రుకలను, తల చర్మమును పరిశీలించు పద్ధతికి 2006లో లీడియా రుడ్నిత్స్కా, మాల్గొజాటా ఒల్షెవ్‌స్కా అను పోలండు వైద్యురాండ్రు ట్రైకోస్కోపి అని పేరు పెట్టిరి.

కేవలము భూతద్దముతో ఈ పని ఏల జరుగదు? చర్మముపై పడిన వెలుగులో కొంత పైపొర నుండియే తిరిగి వచ్చి కంటిని కొట్టును. ఆ తళుకు లోపలి దృశ్యమును మూసివేయును. కాగితముపై నూనె చుక్క పడినచోట అవతలి అక్షరములు కనబడుట విద్యార్థులు ఎరిగినదే. అదే విధముగా చర్మముపై నూనెనో జెల్లీనో పూసి గాజుపలక ఆనించినచో తళుకు తగ్గి లోపలి పొరలు తెలియును. రెండవ ఉపాయము ధ్రువిత కాంతి. దీపము ముందొక ధ్రువణ ఫలకమును, కంటి ముందు దానికి లంబముగా మరియొకదానిని ఉంచుదురు. పైపొర నుండి పరావర్తనము చెందిన వెలుగు తన ధ్రువణమును నిలుపుకొనును గనుక రెండవ ఫలకము వద్ద ఆగిపోవును. లోపలికి పోయి చెల్లాచెదరై వచ్చిన వెలుగు మాత్రము ధ్రువణము కోల్పోయి కొంతవరకు దాటివచ్చును. భౌతికశాస్త్రపు గదిలో ఎండిన పాఠమువలె తోచు ధ్రువణమునకు ఇంతకంటె చక్కని ఉదాహరణ దొరకదు.

ఇక ఛాయాచిత్రము ఏమి చూపుచున్నది? పేనుకొరుకుడు మచ్చ అంచున కొన్ని మిల్లీమీటర్ల పొట్టి వెంట్రుకలు నిలిచియుండును. అవి కొన వద్ద లావుగా, మొదట సన్నగా ఉండి ఆశ్చర్యార్థక చిహ్నమును పోలియుండును. పేను వెంట్రుకను తినదు; చర్మము నుండి రక్తమును పీల్చును. ఏదైన కొరికి తుంచినచో మొదలు సన్నబడవలసిన పని లేదు. మొదలు సన్నబడినదనగా కీడు రోమకూపములోనే జరిగినదన్నమాట. శరీరరక్షణకు ఉన్న లింఫోసైటు కణములే రోమమూలముపై దాడిచేయుట ఈ వ్యాధికి కారణము. ఇది ఒకరినుండి ఒకరికి అంటదు.

అంటునది వేరొకటి కలదు. అది తల తామర. శిలీంధ్రము పట్టిన వెంట్రుకలు కామావలె వంగి కనబడునని 2008లోను, నల్లజాతి పిల్లలలో అవి మరచుట్టలవలె మెలితిరుగునని 2011లోను వైద్యపత్రికలు ప్రకటించినవి. ఈ తేడా చిన్నది కాదు. పేనుకొరుకుడుకు వాడు స్టెరాయిడు లేపనమును తామరపై రాసినచో శిలీంధ్రము విజృంభించును. తామరకు వారముల తరబడి కడుపులోనికి మందు ఈయవలెను. కంటికి ఒకే తీరుగా తోచు రెండు మచ్చలను సూది గుచ్చకుండ, చర్మము కోయకుండ వేరుచేయుట ఈ పద్ధతి సాధించిన నిజమైన ఘనత.

అయితే దీనిని పొగడువారు కొంత తొందరపడుచున్నారు. ఆశ్చర్యార్థక చిహ్నము తన వెంట్రుకలను తానే పెరుకుకొను అలవాటున్న పిల్లలలో కూడ అప్పుడప్పుడు కనబడినది. నల్లచుక్కలు అనునవి ఆ అలవాటునందును, తామరయందును, పేనుకొరుకుడుయందును ఉండును. ఒక్క గుర్తును పట్టుకొని తీర్పు చెప్పరాదు.

అంతకంటె పెద్ద లోపము రంగులకు సంబంధించినది. ఈ శాస్త్రపు పదజాలము ఎక్కువగా తెల్లని చర్మములను చూచి కట్టబడినది. రోమకూపములలో కొవ్వు, కెరాటిన్ నిండగా ఏర్పడు పసుపుచుక్కలు పేనుకొరుకుడుకు ముఖ్యలక్షణమని గ్రంథములు చెప్పును. మెలనిన్ అధికముగా గల మన చర్మముపై అవి అంత స్పష్టముగా తెలియవు. చుక్కలు లేవు కనుక వ్యాధి లేదనుట పొరపాటగును. దీనికి విపర్యయము మరింత ప్రమాదకరము. నల్లని చర్మముపై స్వేదనాళముల నోళ్ళు సన్నని తెల్లచుక్కలుగా, వరుస తీరినట్లు సహజముగానే కనబడును. రోమకూపము నశించి మచ్చకట్టినచోట కూడ తెల్లచుక్కలే ఏర్పడును. అనుభవము లేనివాడు మొదటివానిని రెండవవిగా భ్రమించినచో, తిరిగి మొలవగల వెంట్రుకలను ఇక మొలవవని చెప్పి పంపును. పదునారేండ్ల పిల్లతో అట్టి మాట అనుట ఎంతటిదో ఉపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఆకారమును చెప్పు గుర్తులను మనము ఉన్నవానిని ఉన్నట్లు తీసికొనవచ్చును; రంగును చెప్పు గుర్తులను మన చర్మములపై మరల సరిచూచి గాని తీసికొనరాదు.

వెంట్రుకల మందులమ్ము దుకాణములలో ఈ యంత్రమునే తెరకు తగిలించి భయపెట్టుట మరియొక సంగతి. ఇన్నూరు రెట్లు పెంచినచో ఎవరి తలయైనను బీడుభూమివలెనే ఉండును. నడినెత్తి చిత్రము పక్కన అదే మనిషి తల వెనుక భాగపు చిత్రమును పెట్టుమని అడుగవలెను. వంశపారంపర్యపు బట్టతల వెనుకభాగమును సాధారణముగా అంటదు గనుక అదే సరియైన కొలబద్ద. నడినెత్తిన లావు, సన్నము వెంట్రుకలు కలగలిసి, మందములలో తేడా ఇరువదింట ఒకవంతు కాదు, నూటికి ఇరువది వంతులు మించినప్పుడే వైద్యులు దానిని లెక్కకు తీసికొందురు.

టైఫాయిడో డెంగ్యూయో వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు దువ్వెన నిండుగా వెంట్రుకలు ఊడును. జ్వరముచే ఒక్కసారిగా విశ్రాంతిదశకు పోయిన వెంట్రుకలు అన్ని రోజులకుగాని రాలవు. ఈ స్థితికి ప్రత్యేకమైన గుర్తు ఏదియు ఛాయాచిత్రమున లేదు. అచ్చట డెర్మోస్కోపు చేయగలిగినది ఇతర వ్యాధులు లేవని చూపుట మాత్రమే. జ్వరము సంగతి ఇంటివారిని అడిగి తెలిసికొనవలసినదే.